నక్షత్ర సామ్రాజ్యములు, మెట్టనేల పాఠకుడు

గుంటూరు నుండి నంద్యాల దిశగా సాగు రైలుమార్గమున, వినుకొండ, కురిచేడు దాటిన పిమ్మట, మార్కాపురమున కీవలనే యున్న దొనకొండకు ఊరి పరిమాణమునకు మించిన చరిత్ర కొంత కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషువారు ఇచట విమానాశ్రయమును నిర్మించిరి. యుద్ధము ముగిసెను, విమానములు వెడలిపోయెను, నేల మాత్రము మిగిలెను. 2014లో రాష్ట్రము విభక్తమై, క్రొత్త రాజధాని యెచ్చట నుండవలెనను చర్చ చెలరేగినపుడు, ప్రభుత్వభూములు విస్తారముగా నున్నవను కారణమున దొనకొండ పేరు పత్రికల పతాకశీర్షికల కెక్కి, కొన్ని మాసములు వెలిగి, రాజధాని కృష్ణాతీరమునకు నిశ్చితమగుటతో చప్పుడు లేక దిగిపోయెను. నడిబొడ్డు ఏది, పొలిమేర ఏది, ఆ నిర్ణయము చేయువా రెవరు అను ప్రశ్నను ఇంత దగ్గరగా చూచిన ఊరివారు ‘స్పేస్ ఓపెరా’ అని ఆంగ్లమున పిలువబడు బృహన్నవలా పరంపరలను చదువ మొదలిడినచో, అందలి రాకెట్లకు గాక అందలి రాజ్యతంత్రమునకే ముందుగా తల పంకింతురని నా నమ్మకము.

ఈ జాతి నవలలకు ఆ పేరు గౌరవముగా లభించినది కాదు. 1941లో విల్సన్ టక్కర్ అను రచయిత, నాసిరకపు నౌకాయుద్ధకథలను హేళన చేయుచు పెట్టిన పేరది. అంతకు ముందే, 1928లో, వృత్తిచే ఆహారరసాయనశాస్త్రజ్ఞుడైన ఇ. ఇ. స్మిత్ ‘ది స్కైలార్క్ ఆఫ్ స్పేస్’ను ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికలో ధారావాహికగా వెలయించి, సౌరమండలమును దాటి కథ నడుపుటకు బాట వేసియుండెను. సూర్యుని విడిచినచో మనకు సమీపతమమైన నక్షత్రమునుండి వెలుగు వచ్చుటకే నాలుగేండ్లకు పైగా పట్టును. మన పాలపుంత ఈ కొననుండి ఆ కొనకు ఇంచుమించు లక్ష కాంతిసంవత్సరములు. ఇంత దూరమున సామ్రాజ్యమును నిలుపదలచిన రచయిత, కాంతివేగమును మించి గంతువేయు ఉపాయమొకటి కల్పించుకొనక తప్పదు. ఆ యొక్క అబద్ధమును పాఠకుడు క్షమించినచో, తక్కినదంతయు పన్నులు, ధాన్యము, సైన్యము, వారసత్వము, అనగా చరిత్రయే.

ఈ సంగతిని అందరికంటె స్పష్టముగా గ్రహించినవాడు ఐజాక్ అసిమోవ్. 1941 ఆగస్టు 1వ తేదీన, ఇరువదియొక్క యేండ్ల ఆ యువకుడు, సంపాదకుడు జాన్ కాంబెల్‌ను చూచుటకై న్యూయార్క్ భూగర్భరైలులో పోవుచు, చేతిలో కథయేదియు లేకపోవుటచే, గిబ్బన్ రచించిన రోమక సామ్రాజ్య పతన చరిత్రను నక్షత్రలోకమునకు ఎక్కించిన నెట్లుండునని యోచించెను. ఆ యోచనయే 1942 మే నెల ‘అస్టౌండింగ్’ పత్రికలో తొలికథయై, 1951, 1952, 1953లలో మూడు సంపుటముల ‘ఫౌండేషన్’ అయ్యెను. పండ్రెండు వేల యేండ్లు ఏలిన సామ్రాజ్యము కూలనున్నదని హారీ సెల్డన్ అను గణితవేత్త లెక్కగట్టును. కూలిన పిమ్మట రావలసిన ముప్పది వేల యేండ్ల అంధకారమును వేయేండ్లకు కుదించుటకై, పండితులను కొందరిని పాలపుంత అంచున, లోహములు లభింపని టెర్మినస్ అను దరిద్రగ్రహమునకు పంపించును. లోహము లేనివారు లోహమును పొదుపుగా వాడు యంత్రములను కనిపెట్టిరి. సంపన్నమైన రాజధాని ఆ విద్యనే మరచెను. పేదరికమే విద్యకు మూలమైనదని కథకుడు బిగ్గరగా చెప్పడు, చూపించును.

నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము రెండవ సంపుటమున కలదు. రాజధాని ట్రాంటర్ గ్రహమంతయు లోహపు కప్పుల క్రింద నొకే నగరము; నలువదివందల కోట్ల జనమునకు ఇరువది వ్యవసాయగ్రహముల పంట ఓడలపై వచ్చినగాని పూట గడవదు. ఆ నగరము కొల్లగొట్టబడిన తరువాత, మిగిలినవారు లోహపు పలకలను పెకలించి, ఎన్నడో కప్పబడిన మన్నును వెలికిదీసి, సేద్యము మొదలిడి, పెకలించిన లోహమును అమ్ముకొని పశువులను తెచ్చుకొందురు. ఇది చదివినపుడు నా మనస్సు కంభము చెరువుమీదికి పోవును. కొండల నడిమి కనుమలో గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన ఆ చెరువును శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ త్రవ్వించెనని ప్రతీతి. విజయనగర సైన్యము 1565లో రక్కసి తంగడి పోరున ఓడెను, రాజధాని శిథిలమయ్యెను; 1900లో రాబర్ట్ సీవెల్ అను ఆంగ్లేయుడు ‘విస్మృత సామ్రాజ్యము’ అని ఆ రాజ్యముపై గ్రంథమే వ్రాసెను; చెరువుకట్ట మాత్రము నిలిచియున్నది. గిబ్బన్‌ను చదువని తెలుగువానికి ఫౌండేషన్ దుర్గమమగునను భయము నిరాధారము.

ఇక నీటి సంగతి. ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ (1965) అంతయు నీరెరుగని ఎడారిగ్రహపు గాథ. ఆ గ్రహవాసుల నాయకుడు స్టిల్గార్, క్రొత్తగా వచ్చిన ప్రభువు సన్నిధిని బల్లపై ఉమ్మివేయును. కొలువువారు అవమానమని ఉద్రిక్తులగుదురు. ఆచార మెరిగిన డంకన్ ఐడహో మాత్రము, దేహమందలి తడిని కానుకగా నిచ్చినందులకు కృతజ్ఞత తెలిపి తానును ఉమ్మివేయును. ఒక్క చేష్టతో ఒక లోకమును నిలబెట్టుట యన్న నిది. జేమ్స్ ఎస్. ఎ. కోరీ అను ఉమ్మడిపేరుతో డేనియల్ అబ్రహాం, టై ఫ్రాంక్ 2011 నుండి 2021 వరకు తొమ్మిది నవలలుగా వ్రాసిన ‘ఎక్స్‌పాన్స్’ పరంపరలో, శని వలయములనుండి సెరెస్ అను చిన్నగ్రహమునకు మంచుగడ్డలు మోయు ఓడ యొకటి ధ్వంసమగుటతో లోకములు యుద్ధమునకు లేచును. వేసవిని బిందెలు వరుసపెట్టి ట్యాంకరు కొరకు నిలిచిన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతపువారికి ఈ ఘట్టమునకు టీకాతాత్పర్యములు అక్కరలేదు. కృష్ణాజలమును నల్లమల క్రిందుగా సొరంగములలో తెచ్చుటకు 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ పథకమును తలచుకొన్నచో, తరములకు తరములు సాగు కథలయందు అతిశయోక్తి యున్నదని వీరు ఆక్షేపింపబోరు.

సంపుటముల కొలది కథ చదువుట మనకు క్రొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు పండ్రెండు భాగములు. అందు మణిసిద్ధుడు మజిలీ మజిలీకి నొక కథ చెప్పుచుండ, వినువాడు నడకబడలిక మరచును. 1954లో ‘తోకచుక్క’తో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యముగారి చందమామ ధారావాహికలు, చిత్రకారుడు చిత్రాగారి బొమ్మలతో, నెలకొక తునుకగా పిల్లలకు నిరీక్షణము నేర్పినవి. యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’ వంటి విజ్ఞానకల్పనలును వచ్చినవి. అవి ఒక్కొక్క సంపుటముతోనే ముగిసినవి. రాజ్యములు పుట్టి గిట్టునంతటి సావకాశము గల నక్షత్రగాథకు తెలుగు చదువరి సిద్ధముగానే యున్నాడు, వ్రాయువారే కావలెను.

ఫౌండేషన్ పరంపరకు దోషములు లేకపోలేదు. మొదటి సంపుటమున స్త్రీలు దాదాపు కానరారు. మూడవదానిలో పదునాలుగేండ్ల బాలిక ఆర్కేడీ కథను చేతిలోనికి తీసికొనువరకు ఈ లోటు పూర్తిగా తీరదు. యుద్ధములు తెరవెనుక జరుగుచుండ, పురుషులు గదులలో కూర్చుండి వాదించుకొనుచుందురు. కత్తిసాము కోరువాడు విసుగుచెందును. కచేరిచావడి వాదములు వినుట అలవడినవానికి కాలము తెలియదు. చదువు వరుసను గూర్చి ఒక మాట: 1988లో వెలువడిన ‘ప్రెల్యూడ్ టు ఫౌండేషన్’ కథాకాలమున ముందుది కదా యని దానితో ఆరంభింపరాదు, సెల్డన్ ఎవరో తెలియనివానికి సెల్డన్ యౌవనముతో పనియేమి? 1951నాటి సంపుటముతో మొదలిడి, అచ్చయిన వరుసనే పోవలెను. మూడు ముగిసిన పిమ్మట, ఇరువదితొమ్మిదేండ్ల విరామము తరువాత 1982లో వచ్చిన నాలుగవది లావుపాటిది, నిదానమైనది. తొలి మూటి బిగువు అందు లేదు. ఆసక్తి గలవారు తెరువవచ్చును, లేనివారు మూడవదానితోనే నిలిచిపోయినను కొరత లేదు.