పెళ్ళి పూల లెక్క: అపోహలు – వాస్తవాలు

పెళ్ళి ఖర్చుల చీటీలో కోత పెట్టాలనుకుంటే చాలామంది చెయ్యి ముందుగా పోయేది పూల మీదికే. "ఆ గులాబీలు తీసేసి బంతి పెట్టండి" అంటారు. డెకరేషన్ వాళ్ళు సరేనంటారు. బిల్లు మాత్రం అనుకున్నంత తగ్గదు. కోత పెట్టాల్సిన చోటు వేరే ఉంది కాబట్టి.

అపోహ: డెకరేషన్ బిల్లంటే పూల ఖరీదే

అందులో పూలు ఒక వాటా మాత్రమే. ఇనుప ఫ్రేములు, వెనక గుడ్డ, లైట్లు, వ్యాను కిరాయి, రాత్రంతా మేలుకుని కట్టే పనివాళ్ళ కూలి, పెళ్ళయ్యాక విప్పే కూలి అన్నీ అందులోనే ఉంటాయి. గులాబీ పెట్టినా బంతి పెట్టినా ఇవి పెద్దగా మారవు. అందుకే తగ్గించాల్సింది పూల రకం కంటే ముందు పూలు పెట్టే చోట్లు. గేటు దగ్గర ఆర్చి, నడవా పొడవునా స్తంభాలు, సెల్ఫీ మూల, భోజనాల హాలు... ప్రతిదానికీ వేరే ఫ్రేమూ వేరే కూలీ. ముహూర్తం వేళ కెమెరాలన్నీ పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు మీదే ఉంటాయి. ఆ నాలుగు స్తంభాల మండపం నిండుగా ఉంటే చాలు, మిగతా వాటిలో రెండు తీసేసినా వచ్చినవాళ్ళు గమనించరు. పప్పూ ఆవకాయా వడ్డిస్తుంటే తలెత్తి పైకప్పుకు వేలాడే దండలు చూసేవాళ్ళెవరు?

ఇంకో సంగతి. కొన్ని కల్యాణ మండపాల్లో తమ డెకరేషన్ వాళ్ళే చెయ్యాలంటారు, లేదా బయటివాళ్ళు వస్తే వాళ్ళ దగ్గర కొంత సొమ్ము వసూలు చేస్తారు. ఆ సొమ్ము చివరికి మీ బిల్లులోనే తేలుతుంది. ఈ ముక్క హాలుకు అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి. ఇచ్చాక అడిగితే బేరానికి చోటుండదు.

అపోహ: ప్లాస్టిక్ పూలైతే సగానికి సగం మిగులుతుంది

ఆ పూలు వాళ్ళు ఒకసారి కొని ఎన్నో పెళ్ళిళ్ళకు వాడతారు. మీరు కట్టేది అద్దె. ఫ్రేము, కూలి, వ్యాను ఎలాగూ అవే. కాబట్టి ఎంత తగ్గుతుందో ముందే అంకెల్లో చెప్పించుకోవాలి. దూరంగా, ఎత్తులో ఉండేవాటికి కృత్రిమ పూలు పెట్టించుకోవడంలో తప్పులేదు. మండపంలో చేతికి అందేంత దగ్గర దుమ్ము పట్టిన ప్లాస్టిక్ గులాబీ ఉంటే మాత్రం ఎంత తగ్గించినా నాకు దండగగానే తోస్తుంది.

అపోహ: మార్కెట్‌కి పోయి మనమే తెచ్చుకుంటే చవక

సగం నిజం. హైదరాబాద్ గుడిమల్కాపూర్‌లోనో, రాజమండ్రి దగ్గర కడియపులంక పూల మార్కెట్లోనో విడిపూలు కిలోల లెక్కన దొరుకుతాయి, వీధి చివర కొట్టు కంటే తక్కువకే. అయితే పెళ్ళికి కావలసింది విడిపూలు కాదు, దండలు, మూరలు. వాటిని కట్టేదెవరు? బంతిపూలు సూదీ దారంతో ఇంట్లో పిల్లలు కూడా గుచ్చేస్తారు. కనకాంబరాలు కట్టాలంటే చెయ్యి తిరిగిన వాళ్ళే కావాలి. అరచేతి నిండా తీసుకున్నా బరువుండని పూలవి, కిలో అంటే కొన్ని వేల పూలు. ఇంట్లో చేసుకునే నిశ్చితార్థానికీ, హల్దీకీ, గుమ్మాల తోరణాలకూ మార్కెట్ పూలు తెచ్చుకోండి. పూలజడ, పెళ్ళిదండలు కట్టేవాళ్ళకే అప్పగించండి.

కొనేటప్పుడు గంప పైపైన చూసి మోసపోవద్దు. చెయ్యి అడుగుదాకా పోనివ్వండి. కోసిన పూలు కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటాయి, గుట్టగా పోస్తే మధ్యలో వేడి పుడుతుంది. వేళ్ళకు వెచ్చగా తగిలితే ఆ గంప సాయంత్రం దాకా నిలవదు. తడితడిగా తగిలితే నీళ్ళకు కూడా పూల ధరే ఇస్తున్నారని అర్థం.

అపోహ: ధర ముహూర్తాన్ని బట్టే, మన చేతుల్లో ఏమీ లేదు

పెద్ద ముహూర్తం రోజున ఊరంతా పెళ్ళిళ్ళే, ధర పెరగక తప్పదు. శ్రావణ శుక్రవారాలకూ, దసరాకూ అంతే. తేదీ పంతులుగారు పెట్టారు సరే, పూలు ఎంచుకునేది మనమేగా. మల్లె వేసవి పువ్వు. మార్గశిరంలో పెళ్ళి పెట్టుకుని మల్లెలే కావాలంటే కిలో వేల రూపాయలు పలికిన రోజులున్నాయి, ఎందుకంటే చలికి దిగుబడి పడిపోతుంది. అప్పుడు జడకు కాగడా మల్లెలు వాడుకోవచ్చు. వాసన తక్కువే అయినా ఫొటోలో తెలుపు తెలుపే. మండపానికి చామంతి, లిల్లీ. చామంతికి చలికాలమే అసలు కాలం. మాఘమాసం పెళ్ళిళ్ళకు ఇంకో చిక్కుంది. ఫిబ్రవరి 14 ముందర బెంగళూరు, హోసూరు గులాబీలు విదేశాలకు ఎగుమతవుతాయి, ఇక్కడా గిరాకీ పెరుగుతుంది. ఆ వారంలో స్టేజి నిండా ఎర్ర గులాబీలంటే, ప్రేమికులతో పోటీపడి కొనడమే. జెర్బరాలో, ఎర్ర చామంతులో అడగండి.

అపోహ: నీళ్ళు చల్లుతూ ఉంటే పూలు వాడవు

విడి బంతిపూలు తడిపి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెడితే తెల్లారేసరికి కుళ్ళు వాసన. గాలి తగిలే గంపలో పలుచగా పరిచి, పైన తడి గుడ్డ కప్పితే చాలు. మల్లె మొగ్గల్ని తెల్లవారుజామున కోస్తారు, సాయంత్రానికి విచ్చుకుంటాయి. రాత్రి ముహూర్తానికి ఉదయమే మొగ్గలు తెప్పించుకుని అరటాకులో చుట్టి చల్లని చోట ఉంచితే పెళ్ళికూతురి జడలోనే పూస్తాయి. విచ్చుకున్నవి కొంటే తాళి కట్టే వేళకు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి.

ఇంకా పెద్ద పొరపాటు సామాన్ల గదిలో జరుగుతుంది. పూలగంపల పక్కనే అరటి గెలలు పెడతారు. మగ్గే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పూలను తొందరగా ముదిరిస్తుంది. కార్నేషన్లు, ఆర్కిడ్లు దీనికి మరీ త్వరగా లొంగిపోతాయి. ఖరీదైనవీ అవే. పండ్లు ఒక గదిలో, పూలు ఇంకో గదిలో పెడితే రూపాయి ఖర్చు లేదు.

అపోహ: ఆర్కిడ్లు లేకపోతే పెళ్ళి వెలవెలబోతుంది

మన పెళ్ళి తంతులో ఆర్కిడ్ కావాలన్న ఘట్టం ఒక్కటీ లేదు. అరటి చెట్లు, మామిడి తోరణాలు, కొబ్బరాకుల పందిరి, బంతి చామంతి దండలతో పెళ్ళిళ్ళు కళకళలాడిన ఇళ్ళే మనవన్నీ. ఆకు ఎంత ఎక్కువ వాడితే పువ్వు అంత తక్కువ పడుతుంది.

అపోహ: ప్యాకేజీ మాట్లాడుకుంటే నిశ్చింత

కొటేషన్ అడుగున చిన్న అక్షరాల్లో "పూల లభ్యతను బట్టి మార్పులు ఉంటాయి" అని ఉంటుంది. అది న్యాయమే, మార్కెట్లో దొరకని పూలను ఎవరూ తేలేరు. కానీ లిల్లీ దొరక్కపోతే ఏం పెడతారు, ఆ తేడా డబ్బు ఎవరిది, అని అక్కడే రాయించుకోండి. మండపానికి ఏ పువ్వు ఎన్ని కిలోలో, ఏది అసలు పువ్వో ఏది ప్లాస్టిక్కో కూడా. మరునాడు అదే హాల్లో రిసెప్షన్ ఉంటే ఫ్రేములు విప్పకుండా గుడ్డ రంగు మార్చి, వాడిన దండల చోట కొత్తవి కట్టడానికి ఎంతవుతుందో ఆ కాగితంలోనే అడగండి. రెండో స్టేజి కొత్తగా వేయించడం కంటే తక్కువే చెబుతారు.