అప్‌డేట్ చేశాక మెయిల్ ఎందుకు ఆగిపోయింది?

మొన్న మన విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపు వాళ్ల సర్వర్‌ని డెబియన్ 12 నుంచి 13కి అప్‌డేట్ చేశాను. పొద్దున్నే ఓనర్ గారి ఫోన్. "తమ్ముడూ, ఒక్క మెయిలూ ఓపెన్ అవ్వట్లేదు, ఆర్డర్లన్నీ అందులోనే ఉన్నాయి!"

మెయిల్‌బాక్స్ తెరిచి చూపించేది డవ్‌కాట్ అనే సాఫ్ట్‌వేర్. డెబియన్ 13లో దాని 2.4 వెర్షన్ వస్తుంది. దానికి పాత 2.3 కాన్ఫిగ్ ఫైల్ పనికిరాదు. ఫైల్ మొదట్లోనే కాన్ఫిగ్ ఏ వెర్షన్‌దో రాయాలి, లేకపోతే స్టార్టే అవ్వదు. మెయిల్స్ ఎక్కడున్నాయో చెప్పే ఒక్క లైన్ కాస్తా విడివిడి సెట్టింగ్స్ అయిపోయింది. సర్టిఫికెట్ లైన్ పేరూ మారింది.

నేనేమో నా పాత నోట్స్ తీసి మళ్లీ అవే లైన్లు పెట్టాను. రెండు గంటలు పోయాయి. నోట్స్ తప్పు కాదండీ, 2.3కి కరెక్టే. 2.3కి అని ఎక్కడా రాసుకోలేదు, అంతే! నయం, ఆ టైమ్‌లో వచ్చిన మెయిల్స్ పోలేదు. డెలివరీ కాకపోతే పోస్ట్‌ఫిక్స్ వాటిని మామూలుగా 5 రోజుల దాకా క్యూలో ఉంచుతుంది.

ఇప్పుడు నా నోట్స్‌లో ప్రతి పేజీ పైన వెర్షన్, టెస్ట్ చేసిన తేదీ ఉంటాయి. పాత స్టెప్స్ డిలీట్ చేయలేదు, "2.3కి మాత్రమే" అని పెట్టా. డెబియన్ 12 మీద ఇంకా ఇద్దరు క్లయింట్లున్నారు మరి.