చనిపోయాక చదువు చెప్పే దేహాలు

* తొలినుంచీ అనాథ శవాలే ఆధారం
* దేహానికి వెల లేదు.. ఖర్చు మాత్రం తప్పదు
* కుటుంబం సహకరిస్తేనే దానం సఫలం

వైద్య కళాశాలలో చేరిన విద్యార్థి రోగి నాడి పట్టడానికి ముందే ఓ మృతదేహం ఎదుట నిలుచోవాలి. ధమని ఎటు మళ్లుతుందో, నరం ఏ కండరం చాటున ఉంటుందో అక్కడే చేత్తో తాకి తెలుసుకుంటాడు. రేపు శస్త్రచికిత్స బల్లపై ఉండేది ప్రాణమున్న మనిషి కనుక ఈ పాఠంలో లోటు ఉండకూడదు. అయితే ఆ దేహాలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? వాటి ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఈ విషయాలపై సామాన్యుల్లో అపోహలే ఎక్కువ.

పది మంది విద్యార్థులకు ఒక మృతదేహం ఉండాలన్నది వైద్యవిద్యలో చాలాకాలంగా చెబుతున్న కొలమానం. ఆ లెక్కన 150 సీట్లున్న కళాశాలకు ఏటా 15 దేహాలు కావాలి. 2023 సెప్టెంబరు 15న విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో అయిదు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఒకేరోజు ప్రారంభమయ్యాయి. ఒక్కోదానిలో 150 చొప్పున 750 సీట్లు. ఈ అయిదింటికే ఏటా 75 దేహాలు అవసరం. తెలంగాణలోనూ 2022 నుంచి జిల్లాల్లో కొత్త కళాశాలలు వరుసగా వచ్చాయి. సీట్లు పెరిగినంత వేగంగా దాతలు పెరగడం లేదు.

చట్టం వచ్చిందిలా..

ఈ కొరత నేటిది కాదు. 1828లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు 16 మందిని హతమార్చి, ఆ శవాలను రాబర్ట్ నాక్స్ అనే అనాటమీ బోధకుడికి అమ్ముకున్నారు. దేశం నివ్వెరపోయింది. 1832లో బ్రిటన్ అనాటమీ చట్టం తెచ్చింది. శవాల దొంగతనాలు తగ్గాయి గానీ, ఎవరూ అడగని నిరుపేదల మృతదేహాలు కళాశాలల బల్లలపైకి చేరాయి.

మన దేశంలో 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా శవచ్ఛేదనం చేసి, నాటి కట్టుబాట్లను దాటారు. స్వాతంత్ర్యానంతరం 1949లో బొంబాయి అనాటమీ చట్టం వచ్చింది. ఇతర రాష్ట్రాల్లోనూ ఇదే తరహా చట్టాలు రూపొందాయి. వాటి సారాంశం ఒక్కటే. ఆసుపత్రిలోనో, బహిరంగ ప్రదేశంలోనో మరణించిన వ్యక్తి కోసం నిర్ణీత గడువులోగా బంధువులు రాకుంటే, అధికారుల అనుమతితో ఆ దేహాన్ని బోధనకు ఇవ్వవచ్చు. బొంబాయి చట్టం ఈ గడువును 48 గంటలుగా పేర్కొంది. హత్య, ప్రమాదం వంటి కేసులు నమోదైన శవాలకు ముందు పోలీసు విచారణ, శవపరీక్ష పూర్తి కావాలి. కోతకు గురైన దేహం పాఠానికి అంతగా పనికిరాదు.

ఖర్చు ఎక్కడ?

దేహాన్ని కొనడం, అమ్మడం ఉండదు. దాత కుటుంబానికి కళాశాల సొమ్ము చెల్లించదు. అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది. తొడ వద్ద ధమని గుండా ఫార్మలిన్, గ్లిజరిన్, స్పిరిట్ వంటివి కలిపిన ద్రావణాన్ని ఎక్కిస్తారు. పిదప తొట్టెల్లోనో, శీతల పెట్టెల్లోనో భద్రపరుస్తారు. రసాయనాలు, వాహనం, సిబ్బంది జీతాలు, చివరికి మిగిలిన అవశేషాలకు అంత్యక్రియలు.. ఇవన్నీ ప్రభుత్వ కళాశాలల్లో సర్కారు నిధుల నుంచి, ప్రైవేటులో యాజమాన్యాల నుంచి రావాల్సిందే.

కేరళలో ప్రభుత్వ ఆసుపత్రుల అనాథ శవాలను వైద్య కళాశాలలకు ఇచ్చేందుకు రుసుము నిర్ణయించారు. రసాయనాలతో భద్రపరిచిన దేహానికి రూ.40 వేలు, లేనిదానికి రూ.20 వేలు. 2008 నుంచి 1,122 దేహాలపై రూ.3.66 కోట్లు సమకూరినట్లు 2024లో లెక్కలు వెలువడ్డాయి. బతికున్నప్పుడు ఎవరూ పట్టించుకోని మనిషి సమ్మతిని చనిపోయాక కూడా ఎవరూ అడగలేదు. ఈ వ్యవస్థలోని అసలు చిక్కు ఇదే. వైద్యుల చదువుకు దేహమిచ్చే భారమంతా పేదలపైనే పడుతోంది. దాన్ని సమాజమంతా పంచుకోవాలంటే స్వచ్ఛంద దేహదానం ఒక్కటే మార్గం.

మార్గం చూపినవారు

పశ్చిమబెంగాల్ మాజీ ముఖ్యమంత్రి జ్యోతిబసు 2010 జనవరిలో మరణించగా, ఆయన కోరిక మేరకు భౌతికకాయాన్ని కోల్‌కతాలోని వైద్య సంస్థకు అప్పగించారు. తెలుగువాడైన సీపీఎం ప్రధాన కార్యదర్శి సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరు 12న కన్నుమూశారు. ఆయన పార్థివదేహాన్ని కుటుంబ సభ్యులు ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరులో మరణించిన ప్రొఫెసర్ జి.ఎన్.సాయిబాబా దేహం సికింద్రాబాద్‌లోని గాంధీ వైద్య కళాశాలకు చేరింది.

దానం చేయాలంటే..

సమీప వైద్య కళాశాలలోని అనాటమీ విభాగంలో అంగీకార పత్రం లభిస్తుంది. దానిపై దాతతో పాటు సాక్షులు సంతకం చేయాలి. వారిలో దగ్గరి బంధువులు ఉంటే మేలు. మనసు మారితే ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు. మరణించిన వెంటనే కళాశాలకు సమాచారమిచ్చి, మరణ ధ్రువీకరణతో దేహాన్ని అప్పగించాలి. ఎండాకాలంలో ఆలస్యమైతే దేహం పాడవుతుంది. ముందుగా నేత్రదానం చేసినా దేహదానానికి అడ్డంకి ఉండదు. హెచ్‌ఐవీ, కామెర్లకు దారితీసే హెపటైటిస్-బి వంటి అంటువ్యాధులున్నా, శవపరీక్ష జరిగినా కళాశాలలు సాధారణంగా స్వీకరించవు.

పత్రం రాసినంత మాత్రాన పని పూర్తికాదు. దుఃఖంలో ఉన్న బిడ్డలో, పెద్దలో వద్దంటే కళాశాల బలవంతం చేయదు. కర్మకాండ జరగదేమోనన్న భయం, ఊళ్లోవారు ఏమనుకుంటారోనన్న బెరుకు చివరి ఘడియలో అడ్డుతగులుతుంటాయి. కనుక దాత బతికుండగానే ఇంట్లో అందరికీ తన కోరికను విడమరచి చెప్పాలి. పత్రం ప్రతిని, కళాశాల ఫోన్ నంబరును ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచాలి.

చాలా కళాశాలల్లో తొలి తరగతికి ముందు ఆ దేహాన్ని గౌరవిస్తామని విద్యార్థులతో ప్రతిజ్ఞ చేయిస్తున్నారు. దాన్ని తొలి గురువుగా భావిస్తారు. ఆ గురువు దిక్కులేక వచ్చినవాడా, ఇష్టపడి వచ్చినవాడా అన్నది మాత్రం సమాజం చేతుల్లోనే ఉంది.