చెవిలో కోచ్, జేబులో కాగితం

యాంగోన్ నడిబొడ్డున ఉంటుంది పబేడాన్. ఇక్కడ కరెంటు పోతే ఎవరూ ఉలిక్కిపడరు. మొన్న సాయంత్రం టీ కొట్లో కూర్చుని ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాను. ఆఖరి ఓవర్. కరెంటు పోయింది, దాంతోపాటే వైఫై కూడా. కొట్టాయన మాత్రం బల్ల మీది కప్పులు లెక్కపెట్టి, నేను టార్చి వెలిగించేలోపే బిల్లు చెప్పేశాడు.

చీకట్లో 1999 గుర్తొచ్చింది. మే 15న హోవ్‌లో మనకీ దక్షిణాఫ్రికాకీ ప్రపంచకప్ మ్యాచ్. హాన్సీ క్రోన్యే, అలన్ డొనాల్డ్ చెవుల్లో ఇయర్‌పీసులు. డ్రెస్సింగ్ రూమ్ నుంచి కోచ్ బాబ్ ఊల్మర్ సలహాలు. కాదనే నియమం అప్పటికి లేదు. అయినా డ్రింక్స్ విరామంలో రిఫరీ తలత్ అలీ తీసేయమన్నారు. పదేళ్ళ నాకు అదంతా తొండాటలా అనిపించింది. ఇంజినీరునయ్యాక వేరే సందేహం మొదలైంది: అసలైన ఓవర్లో ఆ యంత్రం మూగబోతే?

అమెరికన్ ఫుట్‌బాల్లో దానికి జవాబు దొరికింది. అక్కడ మైదానం పక్కన కోచ్‌లకు టాబ్లెట్లు ఇస్తారు. 2016 జనవరిలో డెన్వర్‌లో, సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు ముందు, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు టాబ్లెట్లు కాసేపు పనిచేయలేదు. తప్పు టాబ్లెట్లది కాదు, నెట్‌వర్క్‌ది అన్నారు. ఇదే మాట నేను ఆఫీసులో ఎన్నిసార్లు అన్నానో! కోచ్‌కి ఆ తేడాతో పనేముంది? బొమ్మ కనబడలేదు, అంతే. ఆ అక్టోబరులో జట్టు కోచ్ బిల్ బెలిచిక్ ఇక టాబ్లెట్లు వద్దు, కాగితం ఫొటోలే చాలని తేల్చేశారు.

అప్పట్లో నేను ఆయన్ని చూసి నవ్వాను. పోయినేడాది ఓ రాత్రి మా సర్వర్ పడిపోయింది. "అన్నా, చేత్తో ఎలా లేపాలో రాసిపెట్టావుగా, ఎక్కడుంది?" అన్నాడు మా జూనియర్. ఆ ఫైలు ఉన్నది సరిగ్గా ఆ సర్వర్ మీదే. తెల్లారేదాకా తంటాలు పడ్డాం. వాడు నన్నేమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

యంత్రం ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది, అది దాని నైజం. అది లేకుండా ఆడటం మనం మర్చిపోవడమే అసలు ప్రమాదం. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌కి ఏ తెరా లేదు. చెప్పాల్సింది ఆటకు ముందే ఆటగాళ్ళ బుర్రల్లోకి ఎక్కించారు. తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపితే, ఫైనల్లో గోల్ కొట్టాడు.

కరెంటు వచ్చింది. మ్యాచ్ అయిపోయింది. ఎవరు గెలిచారో చూసే ముందు, కొట్టాయన చెప్పిన బిల్లుని ఫోన్‌లో కూడి చూశాను. పైసాతో సహా సరిపోయింది.