అమ్మకి ఒట్టు… ప్యారిస్‌లో గుక్క!

'దేవదాసు' (1953)లో అక్కినేని మత్తుకళ్లు గుర్తున్నాయా? అది సీసాలోని మత్తు కాదండోయ్, నిద్రమత్తు! ఆ సీన్లు రాత్రిపూట తీశారు. నాకు తెలిసిన తాగుడంతా అలాంటి తెరమీది తాగుడే.

అలాంటి నేను, మొన్న ప్యారిస్ వెళ్లినప్పుడు, వైన్ రుచి చూడటం నేర్పే క్లాసులో కూర్చున్నాను! రాయదుర్గంలో బయల్దేరేముందు "చుక్క కూడా తాగను" అని అమ్మకి ఒట్టేసి వచ్చాను మరి. గుండె దడదడ.

గ్లాసు వంచి తెల్లకాగితం మీద రంగు చూడాలి. గుండ్రంగా తిప్పి వాసన పీల్చాలి. గుక్క నోట్లో పోసుకుని, నాలుకంతా తడిపి… పక్కనున్న పాత్రలో ఉమ్మెయ్యాలి! హమ్మయ్య, ఒట్టు నిలిచింది.

ఎర్ర బోర్డో వైన్ నాలుకని పట్టేసింది. "ఎలా ఉంది?" అంది టీచరమ్మ. ఇంగ్లీషు మాట తట్టక "వగరు" అనేశాను. ఉగాది పచ్చట్లో మామిడిపిందె సంగతి చెప్పాను. ఆవిడ బోర్డు మీద 'టానిన్' అని రాసింది. ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వస్తుందట. మనకి ఆరు రుచుల్లో ఒకటి కదా!

తర్వాత సీసాలకి గుడ్డ చుట్టింది. 1976 మే 24న ఈ ఊళ్లోనే, పేర్లు దాచి పెట్టిన పోటీలో, ఫ్రెంచి జడ్జీలే కాలిఫోర్నియా వైన్లకి మొదటి స్థానం ఇచ్చేశారు. ఆ కథే 'బాటిల్ షాక్' (2008) సినిమా. నేనూ తప్పే చెప్పాను లెండి.

రాత్రి ఫోన్లో "మొత్తం ఉమ్మేశానమ్మా" అన్నాను.

"అంత డబ్బు కట్టి ఉమ్మెయ్యడమేంట్రా?" అంది అమ్మ.