అడవిలో వెంటనుండవలసిన కత్తి

అడవిలో దారి తప్పినవాని చేత ఒక్క పనిముట్టే యుండిన, అది యేది కావలెనని మేమొకనాడు తరగతిలో అడిగితిమి. పెక్కుమంది గొడ్డలి యనిరి. మేలగిరి కొండల యంచున పెరిగిన పిల్లలే యట్లనుట మాకు వింతగా తోచినది. తమ యిండ్ల చూరులో చెక్కియుండు మచ్చుకత్తిని వారు మరచిరి.

గొడ్డలి మ్రానులను పడగొట్టుటకు పుట్టినది. దాని బలమంతయు తలలోని బరువే. గురి తప్పినచో ఆ బరువే కాలిమీద పడును. ఒంటరివానికి మ్రానుతో పనియేమి? అతనికి కావలసినవి పందిరికి మణికట్టు లావు కొమ్మలు, వెదురు బద్దలు, వానకు తడిసిన కట్టెను చీల్చినచో లోపల దొరకు ఎండు పేళ్లు. చిన్న చాకు కొమ్మలను నఱకజాలదు. మచ్చుకత్తి బరువు కొనవైపున నుండుటచే కొద్ది వ్రేటుకే కొమ్మ తెగును. కొననున్న వంపు లంటానా కొమ్మలను దగ్గరకు లాగును, వాదర నేలమీది రాళ్లకు తగులకుండ కొంత కాచును. వెదురును చీల్చునపుడు వాదరను బొంగు కొనపై ఆనించి, కత్తి వెన్నుపై కట్టెతో కొట్టవలెను.

సంతలో పలువురు తళతళను చూచి కొందురు. మొదట చూడవలసినది పిడి. ఇనుము పిడి చివరవరకు పోయినదా, బొటనవ్రేలంత దూరి ఆగినదా? మేమొకమారు రెండవ రకమును కొంటిమి. చింతకొమ్మ కొట్టుచుండగా కత్తి పిడినుండి యూడి, ఎగిరి గోడకు తగిలినది. అక్కడ ఎవరును లేకుండుట మా యదృష్టము.

లారీ కమానుపట్టతో కమ్మరి చేసిన కత్తి మేలు. అందు కర్బనము నూటికి సుమారు 0.6 పాళ్లుండుటచే పానము బాగుగా పట్టును. ఎఱ్ఱగా కాల్చి ముంచినపుడు ఉక్కు గట్టిపడును గాని పెళుసగును. మరల కొంచెము వేడిచేసిననే ఆ పెళుసు తగ్గును. వాదరపై ఆకురాయి నాడించి చూడుడు. జారిపోయినచో పెళుసు, లోతుగా కొరికినచో మెత్తన. పట్టీపట్టనట్లున్నది కొనదగినది. తమిళులు దీనిని అరువాళ్ అందురు. ఆ పేరుతో అడిగినను దొరకును.

తల్లిదండ్రులకొక మాట. మన ప్రాంతపు అడవిలో పెద్ద భాగము 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కత్తిని సైతము ఆయుధములలో చేర్చినది. అనుమతి లేక దానితో అభయారణ్యమున అడుగిడుట నేరము. కట్టెలకు పిల్లల చేతికి కత్తినిచ్చి పంపుచున్నవారు ఇది యెఱుగవలెను. సొంత తోపులలోను చేలగట్లపైనను నేర్పవచ్చును. నేర్పునపుడు కత్తిని చేతినుండి చేతికి ఈయక, మన పెద్దలవలె నేలపై పెట్టి తీసికొననిండు.