రివ్యూ రాసేవాళ్లే ట్యూనింగ్ చేస్తున్నారు: ఆడియో మార్కెట్‌ను హాబీయిస్టులు ఎలా మార్చారు?

2022లో ట్రూత్‌ఇయర్ అనే చైనా బ్రాండ్ దాదాపు 50 డాలర్లకు ఒక వైర్డ్ ఇయర్‌ఫోన్ తెచ్చింది. పేరు జీరో. బ్రాండ్ పేరు పక్కనే ఇంకో పేరు కూడా కనిపిస్తుంది: క్రినకల్. అదేదో పెద్ద కంపెనీ అనుకునేరు! ఇయర్‌ఫోన్లను కొలిచి, గ్రాఫులు గీసి, ర్యాంకులు ఇచ్చే ఒక సింగపూర్ రివ్యూయర్ వాడే నెట్ పేరు అది. అంతకుముందే మూన్‌డ్రాప్ కంపెనీ కూడా తన బ్లెస్సింగ్ 2 మోడల్‌కు ఆయనతో కొత్త ట్యూనింగ్ చేయించి, డస్క్ పేరుతో అమ్మింది.

సరదాగా మొదలైన హాబీ ఫ్యాక్టరీ దాకా ఎలా వెళ్లింది? దీనివల్ల మనకి లాభమా, నష్టమా? చూద్దాం.

అంతా కొలతతోనే మొదలైంది

ఫోన్ ప్రాసెసర్‌కి బెంచ్‌మార్క్ స్కోర్ ఉంటుంది. మరి సౌండ్‌కి? చాలాకాలం "డీప్ బాస్", "క్రిస్టల్ క్లియర్" లాంటి మాటలే దిక్కు. కొలిచే పరికరాలు ఖరీదైనవి కాబట్టి అవి ల్యాబుల్లోనే ఉండేవి. తర్వాత చెవి లోపలి ఖాళీని పోలి ఉండే కప్లర్ అనే పరికరానికి చైనాలో చవక నకళ్లు వచ్చాయి. దీని చివర ఒక మైక్ ఉంటుంది. ఇయర్‌ఫోన్ తగిలించి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు శబ్దం పంపితే, ఎక్కడ ఎంత గట్టిగా పలుకుతోందో గీత వచ్చేస్తుంది. అదే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫ్. ఇక ఈ పని ఇంట్లో టేబుల్ మీదే అయిపోతుందన్నమాట.

మరి ఆ గీత ఎలా ఉంటే మంచిది? దీనికి జవాబు వెతికింది హాబీయిస్టులు కాదు, జేబీఎల్‌కి మాతృసంస్థ అయిన హార్మన్. అక్కడ షాన్ ఓలివ్ బృందం మామూలు శ్రోతలకు రకరకాల ట్యూనింగ్‌లు వినిపించి, ఎక్కువమందికి ఏది నచ్చుతుందో తేల్చింది. అదే హార్మన్ టార్గెట్. దాన్ని కొనుగోలుదారు చేతిలో కొలబద్దగా మార్చింది మాత్రం హాబీయిస్టులే.

కంపెనీలు దిగొచ్చాయి

హాబీయిస్టుల మాట పనిచేసిన మూడు సందర్భాలు చూడండి.

మొదటిది, ఓ2 యాంప్. 2011లో ఎన్‌డబ్ల్యూఏవీగై అనే మారుపేరుతో రాసే ఒక ఇంజినీర్, ఖరీదైన హెడ్‌ఫోన్ యాంప్‌లు అంత డబ్బుకి తగ్గట్టు లేవని కొలిచి చూపించాడు. అక్కడితో ఆగకుండా తనే ఒక యాంప్ డిజైన్ చేసి, సర్క్యూట్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. చిన్న కంపెనీలు దాన్ని తయారుచేసి అమ్మాయి. తర్వాతి ఏడాదే ఆయన నెట్ నుంచి మాయమైపోయాడు. కానీ చవక యాంప్ కూడా శుభ్రంగా పలకగలదని అందరికీ తెలిసిపోయింది.

రెండోది, సెన్‌హైజర్ హెచ్‌డీ 650. అప్పట్లో దీని లిస్ట్ ధర దాదాపు 500 డాలర్లు ఉండేది. 2016 చివర్లో, అభిమానులను ఒకచోట చేర్చి గుంపుగా కొనిపించే మాస్‌డ్రాప్ కోసం సెన్‌హైజర్ అదే హెడ్‌ఫోన్‌ను హెచ్‌డీ 6ఎక్స్‌ఎక్స్ పేరుతో 200 డాలర్లకే ఇచ్చింది. రంగు మారింది, కేబుల్ పొట్టిదైంది, డబ్బా సింపుల్‌గా వచ్చింది. అంతే తేడా!

మూడోది ఇంకా తమాషా. 2019 చివర్లో అమెరికాకు చెందిన షీట్ కంపెనీ 99 డాలర్లకే రెండు యాంప్‌లు దింపింది. మ్యాగ్నీ 3 ప్లస్‌లో విడివిడి ట్రాన్సిస్టర్లు వాడారు. మ్యాగ్నీ హెరెసీలో చిప్‌లు వాడారు, కొలతల్లో మంచి అంకెలు కావాలనేవాళ్ల కోసం. ధర ఒకటే, కొనేవాళ్ల నమ్మకాలు మాత్రం రెండు!

అయితే అసలు చిక్కు ఇక్కడే

కొలబద్ద అందరికీ తెలిసిపోయాక కంపెనీలు దానికోసమే తయారుచేస్తాయి. పరీక్షలో వచ్చే ప్రశ్నలు మాత్రమే చదివినట్టు! గ్రాఫ్ టార్గెట్‌కి దగ్గరగా ఉంటే చాలు, ఇయర్‌ఫోన్ అమ్ముడుపోతుంది. కానీ గ్రాఫ్ చెప్పని సంగతులు చాలా ఉన్నాయి.

సుమారు 8,000 హెర్ట్జ్ దాటాక ఇయర్‌ఫోన్‌ను కప్లర్‌లో ఎంత లోతుకు పెట్టారన్నదాన్ని బట్టి గీత మారిపోతుంది. మీ చెవి ఆకారం వేరు, ఆ గొట్టం ఆకారం వేరు. టిప్స్ సరిగ్గా కూర్చోకపోతే బాస్ మొత్తం పోతుంది. కేబుల్ నాణ్యత, గంటసేపు పెట్టుకుంటే వచ్చే చెవి నొప్పి గ్రాఫ్‌లో కనిపించవు.

ఇంకో మాట. హార్మన్ టార్గెట్ అందరికీ నచ్చాలని రూల్ ఏమీ లేదు. ఎక్కువ బాస్ కోరేవాళ్లు, తక్కువ చాలనేవాళ్లు కూడా ఉన్నారని హార్మన్ పరిశోధనే చెప్పింది.

పైగా రివ్యూ చేసేవాళ్లే ట్యూనింగ్ కూడా చేస్తే, న్యాయనిర్ణేత పోటీలో దిగినట్టే కదా? తప్పు చేస్తున్నారని కాదు. కానీ ఆ పేరు చూడగానే మనమూ ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ మోడల్‌ను దీనితో సంబంధం లేని ఇంకొకరు కొలిచారా?

మరి కొనేటప్పుడు ఏం చేయాలి?

గ్రాఫ్‌ను వడపోతకి వాడండి, చివరి తీర్పుకి కాదు. టార్గెట్‌కి మరీ దూరంగా ఉన్నవాటిని తీసేయండి. మిగిలిన రెండు మూడింటిలో ఫిట్, వారంటీ, రిటర్న్ పాలసీ చూడండి. కంపెనీ ఇచ్చిన గ్రాఫ్ అయితే పక్కనున్న డెసిబెల్ స్కేల్ చూడండి, స్కేల్ సాగదీస్తే ఎంత గరుకు గీతైనా నున్నగా కనిపిస్తుంది.

ఇంట్లో ఉన్న ఇయర్‌ఫోన్ నచ్చట్లేదా? వెంటనే కొత్తది కొనకండి. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ యాప్ ప్రయత్నించండి. హాబీయిస్టుల కొలతలతో తయారైన ఆటోఈక్యూ సెట్టింగ్స్ అందులో వేల మోడళ్లకు ఉన్నాయి. మీ మోడల్ ఎంచుకుని, బాగా తెలిసిన ఒక ఇళయరాజా పాట, ఒక తమన్ పాట వినండి. చాలాసార్లు రూపాయి ఖర్చు లేకుండానే తేడా తెలుస్తుంది.

హాబీయిస్టులు మనకి మంచి కొలబద్ద ఇచ్చారు. దాంతో ఎలాగూ కొలుద్దాం, కానీ వినాల్సింది మాత్రం మన చెవులే!